పన్నెండో జంప్ దగ్గర

వెర్లా టోస్‌ట్రుడ్ మళ్లీ కంచె దగ్గరే నిలబడి ఉంది. చేతిలో అదే నోట్‌బుక్కు, వేళ్ల మధ్య అదే లావుపాటి నల్ల మార్కర్. కుక్కల అడ్డంకుల పందెంలో పాల్గొనే తక్కినవాళ్లంతా పరుగుకు ముందు బరిలోకి దిగి బాట నడుస్తుంటే ఆవిడ మాత్రం ఇనప కంచె మీద మోచేతులు ఆనించి, తల కాస్త పక్కకు వంచి లోపలికి చూస్తోంది. ఎటు చూస్తోందో చెప్పడం కష్టం. ముఖం ఒకవైపు, చూపు ఒకవైపు. అయినా ఆర్డిస్ మోయెన్‌కు అనుమానం లేదు. చూస్తున్నది తననే.

నడకకు ఎనిమిది నిమిషాల గడువు. అంతసేపూ కుక్కలు షెడ్డు చివర గూళ్లలో ఉంటాయి. మనుషులే ఒంటరిగా ఇరవై అడ్డంకుల మధ్య తిరిగి, ఏ జంప్ తర్వాత ఏదో, ఎక్కడ కుక్కకు ముందుగా అడ్డంవెళ్లి దారి మళ్లించాలో, ఎక్కడ దాని వెనకనుంచి దాటి అవతలి పక్కకు మారాలో తేల్చుకోవాలి. ఆర్డిస్ ఎప్పుడూ మూడుసార్లు నడుస్తుంది. మొదటిసారి అడ్డంకుల పక్కన పెట్టిన కోన్ల మీది వరస అంకెల కోసం. రెండోసారి మోకాళ్లు వంచి, కుక్క ఎత్తుకు కిందికి దిగి, ప్రతి జంప్ దాటగానే తన కుక్క రెన్ కళ్లకు ఏం ఎదురవుతుందో చూడడం కోసం. మూడోసారి తన కాళ్ల కోసం. ఆ మూడోసారి చెయ్యి ఎక్కడ చాచాలో అక్కడ నిజంగానే చాస్తుంది, పిలవాల్సిన చోట పెదవులు కదుపుతుంది. వారం పొడుగునా పల్లె రోడ్ల మీద ఇళ్ల ముందు ఉత్తరాల డబ్బాలు వరసగా నింపుకుంటూ పోయే తపాలా మనిషి. ఒక్క అడుగు ఎక్కువ వేయదు, తక్కువ వేయదు.

ఆ శుక్రవారం రెన్ చక్కగా పరిగెత్తింది. పదహారు అంగుళాల ఎత్తు జంప్‌ల తరగతిలో అంత పొందికైన షెల్టీ జాతి కుక్క చుట్టుపక్కల నాలుగు కౌంటీల్లో లేదని పేరు. టైమర్ మీద ముప్పయ్యారు సెకన్ల నలభై రెండు పడింది. నాలుగు కుక్కల తర్వాత వెర్లా తన గస్‌ను తీసుకుని వచ్చింది. గస్ కుక్కల ఆశ్రమం నుంచి తెచ్చిన గోధుమరంగు గరుకు బొచ్చు కుక్క, జాతేమిటో ఎవరికీ తెలియదు. ఆర్డిస్ ఎక్కడ ముందుగా అడ్డంవెళ్లిందో వెర్లా అక్కడే వెళ్లింది. ఆర్డిస్ ఎక్కడ వెనకనుంచి దాటిందో అక్కడే దాటింది. టైమర్ మీద ముప్పయ్యారు ఇరవై, రెన్ కన్నా త్వరగా.

బయట మంచు రాబోయే ముందు ఉండే బూడిదరంగు వెలుతురు. పోటీ జరుగుతున్న గుర్రాల షెడ్డులో తడి మట్టీ రంపపుపొట్టూ కలిసిన వాసన. ఆర్డిస్ రెన్‌కు నీళ్లు పెడుతూ వెర్లా వైపు చూసింది. ఆవిడ గస్ చెవులు నిమురుతూ ఓరగా ఇటే చూస్తోంది. తిన్నగా కళ్లలోకి చూడని మనుషుల్ని ఆర్డిస్ మొదట్నుంచీ నమ్మదు.

*

శనివారం పొద్దున కాఫీ బల్ల దగ్గర బెవ్ ఆ మాట పైకి అనేసింది. బెవ్, ఆర్డిస్ ఒకే క్లబ్బులో, ఒకే గురువారం ప్రాక్టీసులో చాలాకాలంగా ఉన్నవాళ్లు.

"నీ మలుపులన్నీ ఎత్తుకుపోతోందే ఆవిడ. నువ్వు గమనించావో లేదో."

గమనించానంది ఆర్డిస్.

"వేసవిలో డులూత్ నుంచి వచ్చింది. వచ్చిన దగ్గర్నుంచి ఒక్కసారైనా బరిలోకి దిగి నడిచిందా? హాయిగా కంచె దగ్గర నిలబడి నువ్వు వండింది వడ్డించుకుపోతోంది. రేపు జట్టులో నీ చోటు కూడా వడ్డించుకుంటుంది, చూస్తూ ఉండు."

మార్చిలో జరిగే జాతీయ పోటీలకు పదహారు అంగుళాల తరగతిలో ఈ ప్రాంతం నుంచి వెళ్లేది ఒక్క కుక్క. మూడు రోజుల పాయింట్లు కలిపి ఆదివారం సాయంత్రం తేలుస్తారు. రెన్‌కు ఏడేళ్లు. వచ్చే ఏడాదికి ఎనిమిదవుతాయి, పరుగు తగ్గే వయసు. ఆర్డిస్ ఆ లెక్క ఎవరితోనూ అనలేదు, కానీ దాన్ని మించి వేరే ఏమీ ఆలోచించడం లేదు.

అనుమానం ఉంటే చాలదు, రుజువు కావాలనుకుంది. ఆ రోజు బాటలో ఐదో జంప్ దగ్గర అందరూ కుక్కకు ముందుగా వెళ్తున్నారు. అది తేలిక. ఆర్డిస్ కావాలని వెనకనుంచి దాటే పద్ధతి ఎంచుకుంది. కాస్త తేడా వచ్చినా కుక్క వెనక్కి తిరిగి చూసే మలుపది. రెన్‌తో చేయగలనన్న ధైర్యం ఉంది కనుక చేసింది, చేయగలిగింది కూడా. ఆ తరగతిలో ఇరవై రెండు కుక్కలు. ఐదో జంప్ దగ్గర వెనకనుంచి దాటింది ఇద్దరే. ఆర్డిస్, ఆ తర్వాత వెర్లా. ఈసారి తేడా పదో వంతు సెకను, అదీ వెర్లాకే లాభం.

మధ్యాహ్నం వెర్లా గస్‌ను బయట తిప్పడానికి వెళ్లినప్పుడు మడతకుర్చీ మీద నోట్‌బుక్కు ఉండిపోయింది. ఆర్డిస్ అటూ ఇటూ చూసింది. ఏదో కిందపడితే తీస్తున్నట్టు వంగి, అట్ట ఎత్తింది. పేజీ నిండా ఒక్కొక్కటి అరచేయంత పెద్ద అంకెలు. వాటి మధ్య తాడంత లావు బాణాలు. పేజీ పైన, కింద గీత గీసిన ఒకే ఒక్క మాట: ఆర్డిస్.

అట్ట మూసేసింది. బెవ్‌కు కూడా చెప్పలేదు. చెబితే బెవ్ పదిమందికి చెబుతుంది, పదిమందికీ తెలిస్తే వెర్లా జాగ్రత్తపడుతుంది.

*

ఆదివారం పరుగుల వరసను తిరగేశారు. ఆ రోజు వెర్లా ముందు, నాలుగు కుక్కల తర్వాత ఆర్డిస్. అంటే ఆర్డిస్ ఎలా పరిగెత్తిందో చూసే వీలు ఆవిడకు ఉండదు. చూడగలిగేది నడక ఒక్కటే.

పొద్దుటి పరుగు బాట గీసిన కాగితం చేతికి రాగానే ఆర్డిస్ కళ్లు పన్నెండో జంప్ మీద ఆగాయి. పన్నెండు దాటగానే పదమూడు వెనకవైపు, దాదాపు వీపు తిప్పుకుని ఉంది. కుక్క ఎడమకు తిరగొచ్చు, కుడికీ తిరగొచ్చు. ఎడమ దగ్గరి దారి. జంప్ పక్క స్తంభాన్ని ఒరుసుకుంటూ తిరిగితే రెండంగలు కలిసొస్తాయి. కానీ అలా తిరిగే కుక్క ముక్కుకు ఎదురుగా గుడ్డ సొరంగం నోరు తెరుచుకుని ఉంది. వేగంలో ఉన్న కుక్కకు సొరంగం కనబడితే ఆగదు. తప్పు అడ్డంకిలో దూరితే ఈల, పరుగు రద్దు. కుడివైపు రెండంగలు ఎక్కువైనా సొరంగం కనబడదు. కాఫీ పోసుకుంటూ బెవ్‌తో ఆ మాటే అంది. పన్నెండు దగ్గర కుడి, ఇంకో ఆలోచన లేదని.

బరిలోకి దిగాక చూస్తే వెర్లా కంచె దగ్గర ఉంది, మార్కర్ మూత తీసి ఉంది.

ఆర్డిస్ మూడుసార్లు నడిచింది. మూడుసార్లూ పన్నెండు దగ్గర ఎడమకు తిరిగింది. మామూలుగా నడిచే దానికన్నా నిదానంగా, స్తంభం పక్కన ఆగి, ఎడమ చెయ్యి మోకాలి దాకా దించి, లేని కుక్కను తిప్పినట్టు భుజం తిప్పింది. మూడోసారి తిప్పుతున్నప్పుడు కంచె వైపు చూడకుండా ఉండడం కష్టమైంది. నడకలో ఎవరు ఎటైనా నడవొచ్చు, దానికి రూలేమీ లేదని తనకు తాను చెప్పుకుంది. కాపీ కొట్టకపోతే ఆవిడకు ఏమీ కాదు కదా అని కూడా చెప్పుకుంది. జడ్జి గడువు అయిందని కేకేశాడు.

వెర్లా పరుగు మొదలుపెట్టింది. పదకొండు దాకా గస్ జంప్‌ల మీది ఒక్క కర్ర కదపలేదు. పన్నెండు దగ్గర ఆవిడ స్తంభం పక్కన ఆగింది. ఎడమ చెయ్యి మోకాలి దాకా దించింది, అచ్చం ఆర్డిస్ దించినట్టే. గస్ ఎడమకు తిరిగాడు, సొరంగం చూశాడు, తోక కూడా మిగలకుండా లోపలికి దూరిపోయాడు. ఈల మోగింది.

వెర్లా అక్కడే నిలబడింది. తల పక్కకు వంచి, సొరంగం ఎక్కడుందో వెతుక్కుంటున్నట్టు చూసింది. గస్ అవతలి చివరనుంచి బయటపడి నవ్వు ముఖంతో పరిగెత్తుకొచ్చి ఆవిడ కాళ్లకు చుట్టుకున్నాడు. వాడి మెడపట్టీ అందుకోవడానికి ఆవిడ రెండుసార్లు చెయ్యి చాచాల్సి వచ్చింది.

ఆర్డిస్ రెన్‌తో వెళ్లి, పన్నెండు దగ్గర కుడికి తిప్పి, తప్పు లేకుండా ముగించింది. మొదటి స్థానం. బెవ్ ఆమె వీపు మీద తట్టింది. రెన్‌కు వేయించిన జింకమాంసం ముక్క పెట్టింది.

వెర్లా వాళ్లిద్దరి దగ్గరికి నడిచి వచ్చింది. ముందు మంచి పరుగు అని మెచ్చుకుంది. తర్వాత నెమ్మదిగా, ముఖం పక్కకు పెట్టి అడిగింది.

"అమ్మాయ్, ఒక్క సంగతి చెప్పు. పన్నెండు దగ్గర నడకలో నువ్వు ఎడమకే కదా తిరిగావు?"

ఆర్డిస్ నోరు తెరిచేలోపు బెవ్ అందుకుంది. "ఎడమా? లేదండీ. మొదట్నుంచీ కుడే. పొద్దున కాఫీ దగ్గర నాతో కూడా అంది."

బెవ్ అబద్ధం చెప్పలేదు. తనకు తెలిసింది చెప్పింది. వెర్లా ఆర్డిస్ వైపు తిరిగింది, ఇంకా కాసేపు ఆగింది. ఆర్డిస్ వంగి రెన్ తాడు ముడి సరిచేస్తోంది. ఆ ముడికి ఏమీ కాలేదు.

"అయితే అదన్నమాట," అంది వెర్లా. "డాక్టరు వసంతం దాకా టైం ఉందన్నాడు. ఇంత తొందరగా వస్తుందనుకోలేదు."

ఏమిటి వచ్చేది అని బెవ్ అడిగింది. ఆవిడ మామూలు గొంతుతోనే చెప్పింది. రెండు కళ్లకూ నడిమధ్య చూపు పోతోందట. చదవడం పోయి ఏడాదైంది. మనిషి ముఖం వైపు చూస్తే ముఖం ఉండాల్సిన చోట మసక, పక్కనుంచి చూస్తే కాస్త కనబడుతుంది. కదిలేది కనబడుతుంది. ఎవరు ఎటు నడుస్తున్నారో బరి అవతల ఉన్నా తెలుస్తుందని ఇన్నాళ్లూ నమ్మకంగా ఉందట. "ఇవాళ ఎడమా కుడా కూడా తప్పాను. మధ్యాహ్నం పరుగు మానుకుంటున్నానని నిర్వాహకుల బల్ల దగ్గర చెప్పేస్తాను. గస్‌ను నా తమ్ముడి కూతురు అడుగుతోంది. దాని దగ్గరైతే వాడికి పరిగెత్తే కాళ్లుంటాయి, చూసే కళ్లుంటాయి."

ఆవిడ వెళ్లిపోయింది. పాపం అంది బెవ్. ఆర్డిస్ రెన్‌ను గూట్లో పెట్టడానికి వెళ్లింది.

*

వెర్లా షెడ్డు బయట, గుర్రాల బళ్లు నిలిపే చోట, గస్ ఉన్న గూడు మీద కూర్చుని ఉంది. తీసుకెళ్లడానికి పక్కింటామె వస్తుందని ఎదురుచూస్తోంది. సన్నగా మంచు రాలుతోంది. ఆర్డిస్ కోటు వేసుకోకుండానే వచ్చింది.

"మీరు చూసింది నిజమే. నేను ఎడమకే తిరిగాను."

వెర్లా తల ఎత్తింది. "బెవ్ చెప్పింది కదా."

"బెవ్‌కు తెలియదు. అది నా నడక చూడలేదు. మీరు చూస్తున్నారని, మీకు చూపించడానికే అలా నడిచాను. నా మలుపులు కాపీ కొడుతున్నారనుకున్నాను."

గూట్లో గస్ ఒగరుస్తున్నాడు.

"మూడుసార్లు నడిచావు," అంది వెర్లా.

"మూడుసార్లూ అలాగే."

"స్తంభం పక్కన చెయ్యి మోకాలి దాకా దించావు."

"దించాను."

వెర్లా కళ్లు మూసుకుంది. భుజాలు కిందికి దిగాయి. "అయితే నాకు కనబడింది," అంది. ఆ మాట ఆర్డిస్‌తో అనలేదు. గూట్లో ఉన్న గస్‌తో అన్నట్టుంది. ఆర్డిస్ ఆ ముఖం చూస్తూ, ఇంతటితో అయిపోయిందేమో, ఇక నవ్వేస్తుందేమో అనుకుంది.

ఆవిడ కళ్లు తెరిచినప్పుడు గొంతు మారింది.

"కాపీ కొట్టలేదని అనను. కోన్ల మీద అంకెలు నాకు కనబడవు, కాగితం మీదివి అసలే కనబడవు. తక్కినవాళ్లు కబుర్లు చెప్పుకుంటూ అడ్డదిడ్డంగా తిరుగుతారు. నువ్వొక్కదానివే వరస తప్పకుండా నడుస్తావు. నీ కాళ్లు చూసి బాట గీసుకున్నాను. నీకు చెప్పి ఉండాల్సింది, చెప్పలేదు. చెబితే జాలిపడతారని. అది నా తప్పు." మోకాళ్ల మీద మంచు దులుపుకుంది. "కానీ నువ్వు అక్కడ నిలబడి తాడు ముడి వేసుకుంటూ నన్ను నా కళ్లనే అనుమానించుకోనిచ్చావు. ఆ గంటసేపు నేను మనసులో గస్‌ను ఇచ్చేశాను. తెలుస్తోందా నీకు?"

తెలుస్తోందంది ఆర్డిస్. ఇప్పుడే బల్ల దగ్గరికి వెళ్లి జరిగిందంతా చెప్పి, పొద్దుటి గెలుపు వదులుకుంటానంది.

"ఏమని చెబుతావు? నడకలో ఎటు నడవాలో ఏ రూలూ లేదు. నీ గుండె బరువు దించుకోవడానికి నా కళ్ల సంగతి ఊరంతా చాటొద్దు." వెర్లా లేచి గూడు తలుపు తీసింది. "మధ్యాహ్నం నేను పరిగెత్తుతున్నాను. అది మాత్రం చెప్పు, చెప్పాలనుంటే."

*

పాయింట్లు కలిపి చూస్తే ఇద్దరూ దాదాపు సమానం. మధ్యాహ్నం బాటలో ఎవరు ముందుంటే జట్టులో చోటు వాళ్లది.

ఆ నడకకు వెర్లా కంచె దగ్గర నిలబడలేదు. నడక కోసం మొదటిసారి బరిలోకి దిగింది. ప్రతి కోన్ దగ్గరా వంగి, తల అటూ ఇటూ వాల్చి, చూపు పక్కనుంచి అంకెను పట్టుకుని, లేచి, తర్వాతిది వెతుక్కుంది. జనం ఆవిడను దాటుకుంటూ పోతున్నారు. నాలుగు నిమిషాలైనా ఆవిడ ఎనిమిది దగ్గరే ఉంది. ఆర్డిస్ దగ్గరికి వెళ్లి, అంకెలు చదివి పెట్టనా అని అడిగింది. అక్కర్లేదంది వెర్లా. ఆర్డిస్ పక్కకు తప్పుకుంది గానీ దూరం పోలేదు.

గడువు అయ్యే ముందు, తొమ్మిది దగ్గర, వెర్లా తనే పిలిచింది.

"ఆర్డిస్. ఇక్కడ గస్‌ను ఎటు తిప్పితే త్వరగా అవుతుంది?"

ఆర్డిస్ మోకాళ్లు వంచి కిందికి దిగింది. గస్ ఎత్తుకు, రెన్ ఎత్తుకు కాదు. గస్ అడుగు పొడుగు, వాడు ఎడమకు బిగువుగా తిరుగుతాడు. ఆ రెండేళ్ల కుక్క గురించి తనకు ఇంత తెలుసని ఆమెకే అప్పుడు తెలిసింది. ఎదురుగా సొరంగం లేదు, ఉచ్చు ఏదీ లేదు. ఎడమకు తిరిగితే పది నేరుగా ఎదురవుతుంది.

"ఎడమ," అంది. "అర సెకను కలిసొస్తుంది."

వెర్లా తల పక్కకు వంచి ఆమెను చూసింది. ఆ చూపు ఇప్పుడు ఆర్డిస్‌కు కొత్తగా ఉంది. తనను దొంగచాటుగా చూడడం లేదు, ఉన్న చూపంతా కూడగట్టుకుని చూస్తోంది. ఏం కనబడిందో ఆవిడకే తెలియాలి.

పరుగులో గస్ ఎనిమిది దాకా బాణంలా వచ్చాడు. తొమ్మిది దగ్గర వెర్లా అడుగు ఒక్కటి తడబడింది. తర్వాత కుడి చెయ్యి చాచింది. గస్ కుడికి, వెడల్పుగా, చుట్టు తిరిగి పదిని అందుకున్నాడు. తప్పులేమీ లేవు. ముప్పయ్యైదు సెకన్ల పది.

ఆర్డిస్ తన వంతు కోసం రెన్‌ను చంకలో పెట్టుకుని నిలబడింది. కుడికి వెళ్తే ఓడిపోవచ్చు, వెర్లాకు చోటు దక్కుతుంది. కానీ కుడికి వెళ్తే తను చెప్పిన ఎడమ రెండో అబద్ధమని ఆవిడ బతికినంతకాలం అనుకుంటుంది. ఎడమకు వెళ్తే మాట నిజమని తెలుస్తుంది, చోటు మాత్రం తనకు వస్తుంది. రెండింటిలో ఏదీ మంచిగా లేదు. జడ్జి సైగ చేశాడు. రెన్‌ను కిందికి దించింది.

తొమ్మిది దగ్గర ఎడమకు తిప్పింది. ముప్పై నాలుగు డెబ్బై ఒకటి.

చప్పట్లు కొడుతున్నారు. బెవ్ కేకలేస్తోంది. ఆర్డిస్ రెన్ తాడు తగిలించుకుని తిన్నగా కంచె దగ్గరికి నడిచింది. వెర్లా అక్కడే ఉంది.

"ఎడమే చెప్పావు," అంది ఆవిడ.

"ఎడమే."

"చెప్పినప్పుడు నమ్మాలనే అనుకున్నాను. అక్కడికి వచ్చేసరికి చెయ్యి లేవలేదు."

మార్చిలో వెళ్లే జట్టులో ఆర్డిస్ పేరు మైకులో చదివారు. వెర్లా అందరితోపాటు చప్పట్లు కొట్టింది. తర్వాత గస్‌ను గూట్లో పెట్టి, పక్కింటామె ట్రక్కు వచ్చేదాకా అందరితో కలిసి జంప్‌ల కర్రలు విప్పి మోసింది. ఆర్డిస్ ఒక చివర పట్టుకుంటే రెండో చివర ఆవిడ పట్టుకుంది.

*

గురువారం ప్రాక్టీసుకు వెర్లా వస్తుందని ఆర్డిస్ అనుకోలేదు. వచ్చింది. నోట్‌బుక్కు తేలేదు. బరి మధ్యలో నిలబడి, గొంతు పెంచి, తనకు అంకెలు కనబడవని, ఎవరైనా చదివి పెట్టాలని అందరికీ వినబడేలా చెప్పింది. బెవ్ ముందుకొచ్చింది. బెవ్‌కు వరసగా నడిచే అలవాటు లేదు. నాలుగు చూపించబోయి ఆరు దగ్గరికి తీసుకెళ్లింది, అక్కణ్నుంచి వెనక్కి వచ్చింది, మధ్యలో తన కుక్క మోకాలి నొప్పి గురించి మొదలుపెట్టింది.

ఆర్డిస్ గోడ పక్కన జంప్ కర్రల ఎత్తు సరిచేస్తోంది. వెళ్లాలనిపించింది, వెళ్లలేదు. పిలవకుండా వెళ్లే హక్కు పోయిందనిపించింది.

"బెవ్, నువ్వు ఊరుకోమ్మా," అంది వెర్లా చివరికి. తల ఒకపక్కకు వంచి, గోడ పక్కన కదిలే మనిషి కోసం వెతికింది. "ఆర్డిస్. ఏడు ఎక్కడ?"

ఆర్డిస్ చేతిలో కర్ర కిందపెట్టి వచ్చింది. ఆవిడకు రెండడుగుల ముందు నడిచి, మూలనున్న జంప్ దగ్గర ఆగింది.

"ఇదిగో. ఏడు."

వెర్లా వచ్చింది. వెంటనే తల ఊపలేదు. మోకాళ్లు పట్టుకుని మెల్లగా వంగి, కోన్‌కు ముఖం దగ్గరగా పెట్టి, ఎడమకు వాల్చి, కుడికి వాల్చి, కావలసినంతసేపు చూసుకుంది. ఆర్డిస్ కదలకుండా నిలబడింది.

"ఏడే," అంది వెర్లా లేస్తూ. "పద, ఎనిమిది చూపించు."